ఒక ప్రశ్నకు ఆలస్యముగా వచ్చిన ప్రత్యుత్తరము



ఏటేట ఈ సంచికయందు ఉపాధ్యాయులలో నెవరో యొకరు పిల్లలకు హితవు చెప్పుట మన వాడుక. ఈ యేడు ఆ వంతు నాకు వచ్చినది. కాని నేనిప్పుడు వ్రాయబోవునది హితవు కాదు. నేను చేసిన రెండు పొరపాటుల వృత్తాంతము. రెండును ఒక్క విద్యార్థిని విషయముననే చేసితిని. మొదటిది తరగతిగదిలో జరిగినది. రెండవది ఆమె తండ్రిగారితో మాటలాడునపుడు జరిగినది. ఆ రెంటి నడుమ పదుమూడేండ్లు గడచినవి. ఆ విద్యార్థిని అనుమతి పొందియే దీనిని వ్రాయుచున్నాను. ఆమె పేరు మాత్రము వ్రాయను.

పదునైదేండ్ల క్రిందట నేను పదవ తరగతికి కిరణజన్య సంయోగక్రియ పాఠము చెప్పుచుంటిని. ఆ పాఠమునకై మన ప్రయోగశాలలో చేయు ప్రయోగమును మీలో చాలమంది యెరుగుదురు. కుండీలోని మొక్కను రెండు దినములు చీకటిగదిలో నుంచి, పిదప ఒక ఆకునకు సగము నల్లకాగితము చుట్టి, ఎండలో పెట్టుదుము. సాయంకాలము ఆ యాకును కోసి, పచ్చదనమంతయు దిగిపోవువరకు స్పిరిటులో ఉడికించి, కడిగి, దానిపై అయొడిన్ చుక్కలు వేయుదుము. ఎండ తగిలిన భాగము నీలినలుపు రంగు పొందును. కాగితము కప్పిన భాగము పొందదు. పిండిపదార్థము పుట్టుటకు వెలుతురు కావలెనని దీనివలన తెలియును.

ఆనాడు మూడవ బల్లపై కూర్చున్న బాలిక యొకతె లేచి, "టీచరుగారూ, ఎండ ఆకుమీద పడినది. పిండి ఆకులోపల పుట్టినది. ఆ రెంటి నడుమ ఏమి జరిగినదండీ? ఆకు వెలుతురును దేనితో పట్టుకొనును?" అని యడిగెను.

"పత్రహరితముతో" అని చెప్పితిని.

"పత్రహరితము దేనితో పట్టుకొనునండీ?"

నాకు తెలియలేదు. తెలియదని చెప్పియుండినచో దోషము లేకపోయెడిది. నేను మాత్రము, "అది పరీక్షలో రాదు, కూర్చుండుము" అంటిని. తరగతియంతయు నవ్వినది. ఆ బాలిక కూర్చున్నది. ఇది నా మొదటి పొరపాటు. గంట కొట్టినతోడనే నేను దానిని మరచితిని, ఆమె మరువలేదు.

ఆ బాలిక తండ్రిగారు మన పట్టణపు బజారులో గడియారములు బాగుచేయుదురు. చేతి గడియారములు కట్టువారు తగ్గిన యీ కాలమున ఆ వృత్తివలన వచ్చు ఆదాయమెంతయో మీరే యూహింపగలరు. అయినను ఆయన బిడ్డ చదువు మానిపింపలేదు. ఆమె విద్యార్థివేతనములపై కళాశాలలో చదివి, రసాయనశాస్త్రమున ఉన్నతపట్టము పొంది, హైదరాబాదు నగరమున పరిశోధన చేసి డాక్టరు పట్టమును సంపాదించెను. క్రిస్మసు సెలవులకు వచ్చినప్పుడెల్ల నన్ను చూచి పోవుచుండెను. నేనును పదిమందిలో ఆమె పేరు చెప్పుకొని గర్వపడుచుంటిని.

రెండేండ్ల క్రిందట ఒక సాయంకాలము తండ్రిగారు రెండు కాగితములు చేతబట్టుకొని మా యింటికి వచ్చిరి. మొదటిది జిల్లా కేంద్రమందలి ఒక కళాశాలవారు పంపిన నియామకపత్రము. అది స్థిరమైన అధ్యాపకపదవి, నెలనెల జీతము, ఇంటినుండి బస్సులో రెండు గంటల ప్రయాణము. రెండవది జర్మనీ దేశమందలి ఒక పరిశోధనాలయమువారు వ్రాసిన జాబు. డాక్టరు పట్టము పొందినవారు ఇంకొక ఆచార్యుని పరిశోధనాలయమున కొన్ని యేండ్లు పనిచేయు పదవి యొకటి కలదు. దానిని పోస్ట్ డాక్టరల్ పరిశోధకపదవి యందురు. ఆ జాబులో గడువు రెండేండ్లని వ్రాసియుండెను. ఆ పిమ్మట ధనము లభించినచో పొడిగింపవచ్చును, లేనిచో లేదు. పని యేమనగా, కిరణజన్య సంయోగక్రియను నడుపు మాంసకృత్తుల నిర్మాణమును కనుగొనుట.

"టీచరమ్మగారూ, దీనికి డాక్టరు పట్టము వచ్చినది కదా! మరల ఈ నేర్చుకొనుట యేమిటండీ?" అని ఆయన యడిగిరి. "ఇది చదువా? ఉద్యోగమా? రెండేండ్లయిన తర్వాత వెళ్లిపొమ్మన్నచో ఎక్కడికి పోవును? పెద్దమ్మాయి పెండ్లికి చేసిన అప్పు ఇంకను తీరలేదు. ఈ పిల్లకు ఇరువదియెనిమిదేండ్లు వచ్చినవి. మీరు చదువుకొన్నవారు. ఏది మంచిదో మీరే చెప్పుడు."

నేను ఎక్కువసేపు ఆలోచింపలేదు. "అన్నయ్యగారూ, చేతికి వచ్చిన స్థిరమైన పనిని విడుచుట మంచిది కాదు. కళాశాలలో చేరుమని చెప్పుడు" అంటిని. ఆయన ముఖము తేటపడినది. రెండు చేతులతో నమస్కరించి వెళ్లిపోయిరి.

ఇది నా రెండవ పొరపాటు. కళాశాల ఉద్యోగము తక్కువదని నేనిట్లు వ్రాయుట లేదు. బోధన యెంత గౌరవమైన పనియో నా జీవితమే నాకు నేర్పినది. నా పొరపాటు వేరు. ఆ జర్మనీ పదవి ఏమిటో తెలిసికొనకయే సలహా చెప్పితిని. దానికి లోపల ఇంకొక కారణము కూడ నుండెను. ఇరువదినాలుగేండ్ల క్రిందట నాకును పరిశోధనకు పోవు అవకాశము కలిగెను. మా తండ్రిగారికి జబ్బుచేసి యింటికి జీతము అవసరమైనందున నేను ఉపాధ్యాయశిక్షణ కళాశాలలో చేరితిని. అందుకు నేను చింతించుట లేదు. కాని నేను నడచిన దారియే తెలివైన దారియని నాకు నేను చెప్పుకొనుట అలవాటైపోయినది. ఆనాడు ఆయనకు నేను చెప్పినది ఆయన కుమార్తెనుగూర్చిన సలహా కాదు. నన్ను నేను సమర్థించుకొనుట.

తరువాతి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆ అమ్మాయి నన్ను కలిసికొనెను. కోపగించుకొనలేదు. "టీచరుగారూ, నాన్నగారితో మీరు చెప్పినది విన్నాను. మీరు తప్పు చెప్పినారని నేననుట లేదు. కాని పదవ తరగతిలో నేనడిగిన ప్రశ్న మీకు జ్ఞాపకమున్నదా? ఇప్పటికిని నేను దానినే అడుగుచున్నాను. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకు చోటికే వారు నన్ను రమ్మన్నారు" అనెను. అప్పుడు నాకు తరగతియు, నవ్వును, ఆమె కూర్చుండుటయు జ్ఞాపకమునకు వచ్చినవి. సిగ్గుపడితిని. మేమిద్దరము పాఠశాల వరండాలో కూర్చుంటిమి. ఆమె సుద్దముక్కతో నేలపై బొమ్మలు గీయుచు నాకు పాఠము చెప్పెను. ఆమె చెప్పినదానికి నేను తర్వాత చదివి తెలిసికొన్నది కొంత చేర్చి ఇక్కడ వ్రాయుచున్నాను.

ఆకు గాలిని మార్చునని మనుష్యులకు తెలిసి రెండువందల యేబది యేండ్లయినది. 1771లో ఇంగ్లండు దేశమున జోసెఫ్ ప్రీస్ట్లీ అను బోధకుడు, క్రొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మ నుంచి, కొన్ని దినముల తర్వాత ఆ గాలిలో మరల క్రొవ్వొత్తి మండుటను చూచెను. 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ అను వైద్యుడు, ఆ పని మొక్కలోని పచ్చని భాగములే చేయుననియు, వెలుతురునందే చేయుననియు నిరూపించెను. మన నల్లకాగితపు ప్రయోగము ఆ మార్గమున వచ్చినదే. కాని ఇదంతయు ఇంటి వెలుపల నిలుచుండి, లోపలికి పోవునదియు బయటికి వచ్చునదియు లెక్కించుటవంటిది. లోపలి యంత్రమును చూచుటకు ఇంకను రెండువందల యేండ్లు పట్టినది.

ఆకులోని కణములలో హరితరేణువులు కలవు. వాటిలోపల పలుచని పొరలు దొంతరలుగా నుండును. ఆ పొరలలో మాంసకృత్తులు పొదిగియుండును. పత్రహరితపు అణువులు ఎక్కడబడిన నక్కడ తేలుచుండక, ఈ మాంసకృత్తులలో తమతమ స్థానములయందు, తగిన యెడముతో, తగిన వాలుతో అమరియుండును. ఒక అణువు వెలుతురును గ్రహించినతోడనే దాని శక్తిని ప్రక్కదానికి అందించును. అది ఇంకొకదానికి అందించును. ఇట్లు శక్తి చేతులు మారి నడుమనున్న క్రియాకేంద్రమును చేరును. అక్కడ ఒక ఎలక్ట్రాను తన చోటు విడిచి ప్రక్క అణువునకు దాటును. ఒక సెకనును లక్షకోట్ల భాగములు చేసినచో, అందు ఇంచుమించు మూడు భాగముల కాలములోనే ఆ దాటుట జరిగిపోవును. మనము తిను అన్నములోని బలమంతయు మొదట ఈ దాటుటవలన వచ్చినదే.

"కాబట్టి టీచరుగారూ, వెలుతురును పట్టునది పత్రహరితమే, మీరు చెప్పినది నిజమే. కాని దానిని చేజార్చక పట్టి యుంచునది ఆ అమరిక. అమరికను చూడనిదే ప్రశ్నకు ప్రత్యుత్తరము లేదు" అని ఆమె చెప్పెను.

అమరికను చూచుట యెట్లు? ఈ మాంసకృత్తులు సామాన్యమైన సూక్ష్మదర్శినికి అందవు. వాటిలోని పరమాణువుల నడుమ దూరము సెంటీమీటరులో పదికోట్లవ వంతుతో కొలవదగినది. మాంసకృత్తులను ఉప్పుపలుకులవలె స్ఫటికములు కట్టించి, వాటిగుండ ఎక్స్ కిరణములను పంపి, అవి చెదరిన తీరునుబట్టి లెక్కకట్టుట ఒక మార్గము. అయితే పొరలలో నుండు మాంసకృత్తులు నీటిలో కరగవు. సబ్బువంటి పదార్థములు లేనిదే పొరనుండి విడివడవు. విడివడిన తర్వాత ఆ సబ్బే వాటిని చుట్టుకొని, ఒకదానితో నొకటి చేరి వరుసదీరనీయదు. అందువలన ఇట్టివి మంచి స్ఫటికములు కట్టవని చాలమంది శాస్త్రజ్ఞులు ఆశ విడిచియుండిరి.

ఆశ విడువనివాడు హార్ట్‌మూట్ మీహెల్. ఆయన 1948లో జర్మనీయందు జన్మించెను. 1977లో డాక్టరు పట్టము పొందిన పిదప, మన అమ్మాయికి వచ్చిన పదవివంటి స్థితిలోనే నుండి, ఈ స్ఫటికముల పనికి పూనుకొనెను. మొదట ఉప్పునీటి సూక్ష్మజీవిలోని ఊదారంగు మాంసకృత్తుపై ప్రయత్నించెను. స్ఫటికములు వచ్చినను నిర్మాణము తెలియునంత చక్కగా రాలేదు. పిదప మ్యూనిక్ నగరసమీపమున మార్టిన్స్‌రీడ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో, కిరణజన్య సంయోగక్రియ చేయు ఒక బాక్టీరియానుండి క్రియాకేంద్రమును తీసి ప్రయత్నించెను. సబ్బుతోపాటు మిక్కిలి చిన్న అణువులను చేర్చి చివరకు మంచి స్ఫటికములను పొందెను. ఆ ఫలితము 1982లో ప్రకటింపబడినది.

స్ఫటికము దొరకుటతో పని ముగియలేదు. ఎక్స్ కిరణముల లెక్క తెలిసినవాడు కావలెను. అదే సంస్థలో యోహాన్ డైజెన్‌హోఫర్ అను భౌతికశాస్త్రజ్ఞుడుండెను. ఈయన 1943లో బవేరియాలోని ఒక గ్రామమున వ్యవసాయకుటుంబమందు జన్మించెను. ఆచారమును బట్టి పొలము చూచుకొనవలసిన కుమారుడాయన. ఆయన మనస్సు సేద్యముమీద లేదని గ్రహించి, తలిదండ్రులే ఆయనను చదువునకు దూరము పంపిరి. ఆయన రాబర్ట్ హ్యూబర్ అను ఆచార్యుని యొద్ద 1974లో డాక్టరు పట్టము పొంది, తర్వాతను ఆ పరిశోధనాలయముననే పనిచేయుచుండెను. వీరందరు కలిసి పనిచేయగా 1985 నాటికి ఆ క్రియాకేంద్రములోని పదివేలకు పైబడిన పరమాణువుల అమరిక లోకమునకు తెలిసినది. 1988లో మీహెల్, డైజెన్‌హోఫర్, హ్యూబర్ మువ్వురకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఆ యేడులను నేను మరల లెక్కపెట్టి చూచితిని. నేను "పరీక్షలో రాదు" అన్ననాటికే ఆ చిత్రము గీయబడి యిరువది యేండ్లు దాటినది. ప్రత్యుత్తరములో సగము పుస్తకములలో నుండెను. వెదకుటకు నేనే పూనుకొనలేదు.

నేను గమనించినది ఇంకొకటి కలదు. డాక్టరు పట్టము మనుష్యుని పండితుని చేయునని మనమనుకొందుము. నిజమునకు అది, ఈతడు పని నేర్చెనని యిచ్చు పత్రము మాత్రమే. నేర్చిన పనిని తన సొంత ప్రశ్నపై పెట్టి, ఓడునో గెలుచునో తేల్చుకొను కాలము దాని తర్వాత వచ్చును. పోస్ట్ డాక్టరల్ పదవి ఆ కాలమే. అది విద్యార్థిత్వము కాదు, స్థిరోద్యోగమును కాదు. మన పెద్దలు అట్టి నడిమి స్థితిని నమ్మరు. నమ్మకపోవుటకు కారణమును కలదు. ఆ పదవిలో చేరినవారందరు మీహెల్‌లు కాలేరు. రెండేండ్లును, ఆపై రెండేండ్లును దేశము విడిచి దేశము తిరిగి, తుదకు పరిశోధనను మానుకొన్నవారు చాలమంది కలరు. ఆ అమ్మాయి దీనిని నా యొద్ద దాచలేదు. "వంద ప్రయత్నములలో తొంబది చెడిపోవుననుకొని వెళ్లవలెనండీ" అనెను.

మరునాడు బడి విడిచిన తర్వాత నేను తండ్రిగారి దుకాణమునకు పోయితిని. ఆయన ఒక కంటికి భూతద్దము పెట్టుకొని, చిమటాతో ఒక చిన్న పళ్లచక్రమును ఎత్తి పట్టుకొనియుండిరి. "అన్నయ్యగారూ, ఆనాడు నేను మీకు చెప్పినది తెలియక చెప్పినది. దానిని వెనుకకు తీసికొనుటకు వచ్చితిని" అంటిని.

ఆయన భూతద్దము తీసి నావైపు చూచిరి. సంతోషింపలేదు. "ఆ మాట మీద ఆధారపడి కళాశాలవారికి వచ్చునని కబురు చేసితిని టీచరమ్మగారూ" అనిరి. ఆ మాట నా గుండెలో గ్రుచ్చుకొన్నది. చదువుకొన్నవారమని మనలను అడుగుదురు. మనము తేలికగా చెప్పుదుము. ఆ మాటమీద వారు తమ యింటిబరువంతయు మోపుదురు.

"అమ్మాయి చేయబోవు పని ఏమిటో చెప్పుడు" అని ఆయన నాకు స్టూలు చూపిరి. నేనెరిగినంతవరకు చెప్పితిని. మొక్కలలోను, నీలి ఆకుపచ్చ నాచులలోను రెండు కాంతివ్యవస్థలు కలవు. వాటిలో రెండవ కాంతివ్యవస్థ యనునది నీటిని విడగొట్టి ప్రాణవాయువును బయటికి పంపును. అందుకై దానిలో నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియము పరమాణువు, ఐదు ఆమ్లజని పరమాణువులు కలిసి వంగిన కుర్చీవలె అమరియుండును. ఈ యమరికను 2011లో జపానులోని శాస్త్రజ్ఞులు జియాన్‌రెన్ షెన్, నొబువో కామియా, వారి తోడివారు స్పష్టముగా చూపిరి. మనము పీల్చు ప్రాణవాయువు ఇట్టి కుర్చీలనుండి వచ్చినదే. కాని ఏ వెలుతురువలన ఈ యంత్రము నడచునో ఆ వెలుతురే దీనిని చెరుపును. దాని నడిమి భాగమైన డి1 అను మాంసకృత్తు ఎండలో మాటిమాటికి పాడగుచుండును. పాడైనదానిని తీసివేసి, క్రొత్తదానిని చేసి, మరల అమర్చుట ఆకులో పగలంతయు జరుగుచుండును. ఆ మరమ్మతు నడుమ యంత్రము ఏ యే రూపములు పొందునో చూచుటయే అమ్మాయికి అప్పగింపబడిన పని.

ఆయన చాలసేపు మాటలాడలేదు. చేతిలోని చక్రమును చూచుచుండిరి. పిదప, "నేను నలువది యేండ్లనుండి గడియారములు విప్పుచున్నాను. ఆగిన గడియారమునే విప్పగలను. నడుచుచున్నదానిని ఆపక బాగుచేయువానిని నేను చూడలేదు. ఆకు అట్లు చేయునా?" అనిరి.

"చేయునని తెలియును. ఎట్లు చేయునో పూర్తిగా తెలియదు" అంటిని. ఈ సారి తెలియదను మాట చెప్పుటకు నేను సిగ్గుపడలేదు.

"అయితే అది మా వృత్తిపనియే" అని ఆయన మెల్లగా ననిరి. తర్వాత అప్పును గూర్చి అడిగిరి. ఆ జాబులో వ్రాసిన వేతనమునుండి నెలకు ఎంత పంపవచ్చునో అమ్మాయి వేసిన లెక్కను చూపితిని. రెండేండ్ల తర్వాత ఏమగునని మరల అడిగిరి. దానికి నా యొద్ద లెక్క లేదని చెప్పితిని. ఆ రాత్రి వారింట ఏమి మాటలాడుకొనిరో నేనెరుగను. నాలుగు దినముల తర్వాత ఆయన తానే బస్సెక్కి జిల్లా కేంద్రమునకు పోయి, కళాశాలవారిని కలిసి, మాట తప్పినందుకు క్షమింపుమని చెప్పి వచ్చిరి.

ఆ అమ్మాయి వెళ్లి ఇప్పటికి ఏడాదిన్నర యైనది. నెలకొకసారి నాకు జాబు వ్రాయును. ఆమె పనిచేయు గది నాలుగు డిగ్రీల చలిలో నుండునట. వెలుతురు తగిలినచో ఆ కాంతివ్యవస్థలు తమ పని మొదలుపెట్టి పాడగును గనుక గది చీకటిగా నుంచుదురట. దీపము ఒకటే, మసకైన ఆకుపచ్చ దీపము. పత్రహరితము ఆ రంగును తక్కువగా గ్రహించును గనుక. ఆ దీపముక్రింద నాచునుండి మాంసకృత్తులను వేరుచేసి, మూడు మిల్లీమీటర్ల వెడల్పుగల లోహపు జల్లెడపై పలుచగా పరచి, కనురెప్పపాటులో గడ్డకట్టించి, ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో లక్షలకొలది చిత్రములు తీసి, వాటిని కంప్యూటరుచే ఒక్కటిగా కూర్చుదురట. నిర్మాణమును చూచుటకు ఇది రెండవ మార్గము. ఇందు స్ఫటికముల అవసరము లేదు. ఈ మార్గమును వృద్ధిచేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఇంతవరకు ఆమెకు కావలసిన చిత్రము రాలేదు. మరమ్మతు నడుమనున్న యంత్రము బహు సున్నితమైనది. పొరనుండి తీయునప్పుడే విడిపోవుచున్నదట. మొదటి యేడంతయు వ్యర్థమైనదని ఒక జాబులో వ్రాసెను. తరువాతి జాబులో, వ్యర్థము కాదనియు, ఏ విధముగా తీసినచో విడిపోవునో ఇప్పుడు తెలిసినదనియు వ్రాసెను. పదవిని ఇంకొక్క సంవత్సరము మాత్రము పొడిగించిరట. ఆ పిమ్మట ఏమగునో ఆమెయు నెరుగదు.

కడచిన నెల తండ్రిగారు బజారులో నన్ను చూచి, "మనము చేసినది మంచిదేనా టీచరమ్మగారూ?" అని యడిగిరి. "మంచిదే" యని చెప్పుటకు నోరు తెరచి, ఆగితిని. "ఇంకను తెలియదండి. కాని ఆమె ప్రశ్న మంచిది" అంటిని. ఆయన నవ్వి, "మొన్న ఫోనులో, 'నాన్నా, ఇక్కడ నేనును నీవలెనే కంటికి అద్దము పెట్టుకొని కూర్చున్నాను' అని చెప్పినది" అనిరి. అప్పులో సగము తీరినదని కూడ చెప్పిరి.

తలిదండ్రులారా, మీ బిడ్డ రేపు ఇట్టి జాబొకటి తెచ్చినచో, పంపుడనియు పంపవలదనియు నేను చెప్పజాలను. ఇంటి పరిస్థితి మీకే తెలియును. ఒక్కటి మాత్రము వేడుకొనుచున్నాను. స్థిరమా, తాత్కాలికమా యని అడుగుటకు ముందు, ఆ పని యేమిటని బిడ్డను అడుగుడు, వినుడు. గడియారములు బాగుచేయు ఒక తండ్రి దానిని గ్రహింపగలిగెను, మీరును గ్రహింపగలరు.

విద్యార్థులారా, ఈ సంవత్సరము పదవ తరగతికి నేను మరల ఆ నల్లకాగితపు ప్రయోగము చేసితిని. అయొడిన్ వేసిన తర్వాత, "ఎండ పడుటకును పిండి పుట్టుటకును నడుమ జరుగునది మన పుస్తకములో లేదు. అది నాకు కొంత తెలియును, కొంత తెలియదు. ఎవరైన అడుగుదురా?" అంటిని. కొంతసేపు ఎవరును లేవలేదు. పిదప వెనుకబల్లనుండి ఒక బాలుడు లేచి, "రాత్రి ఆకు ఏమి చేయునండీ?" అని యడిగెను. గంట కొట్టినది. ఎవరును కదలలేదు. నేను సుద్దముక్క తీసికొని, నల్లబల్లపై ఆ ప్రశ్నను వ్రాసితిని. అది ఇంకను అక్కడనే యున్నది, తుడువవద్దని చెప్పియుంచితిని.